దిబ్బ మీద పొగ

అదుగో, రెండో అల విరిగే చోటికి అవతల, నీళ్ళు కందుతున్నాయి. ముందు లేత వంకాయ రంగు, చూస్తుండగానే అది చిక్కబడి నేరేడుపళ్ళు తొక్కిన నేలలాగా అయింది. మబ్బు నీడ కాదు, మబ్బు నీడైతే గాలి తోలినట్టు పోతుంది, ఇది గాలికి ఎదురు కదులుతోంది, అయినా ఈ వైశాఖంలో ఆకాశాన మబ్బు తునక ఎక్కడిది. నాచూ కాదు, నాచు ఉన్నచోటనే ఊగుతుంది. కవళ్ళు. కవళ్ళ చేపల మంద. పైన తెల్లపిట్టలింకా చేరలేదు, పిట్టలకన్నా ముందు తన కన్ను చూసింది. కామమ్మ చంకలో కంపపుల్లల మోపుతో అట్లాగే నిలబడిపోయింది. ఏడేళ్ళుగా ఈ దిబ్బ ఎక్కినప్పుడల్లా సముద్రానికి వీపు పెట్టి పుల్లలేరుకుని దిగిపోయే మనిషి, ఇవాళ గాలి కొంగు తెచ్చి మొహాన కొట్టింది, కొంగు లాక్కోబోయి ఇటు తిరిగింది, అంతే. పాడు కన్ను. చేతులు మరిచిపోయాయి, నోరు మరిచిపోయింది, కన్ను మాత్రం దాని పని అది చేసుకుపోతుంది. చూడనట్టే దిగిపోవచ్చు. ఎవరడుగుతారు? నీళ్ళు కందాయని నీళ్ళకీ తనకీ తప్ప ఎవరికి తెలుసు?

దూరంగా, నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద జీలకర్ర చల్లినట్టు తెప్పలు. ఆ గింజల్లో ఒకదాని మీద మొగుడు గంగాధరం ఉంటాడు, పక్కదాని మీద మరిది కొడుకు మాలకొండయ్య, వాళ్ళ నడుమ లోతునీళ్ళలో కొత్త నైలాను వల. పాళెంలో ఆడవాళ్ళ చెవికమ్మలన్నీ కలిస్తే ఆ వల అయింది, ఇప్పుడు అందరి చెవులకూ వేపపుల్లలే. నెల్నాళ్ళుగా దాంట్లో నాచూ గుల్లలూ తప్ప ఏమీ పడలేదు. పొద్దున తెప్ప తోసేటప్పుడు మాలకొండయ్య అన్నాడు, "ఈ వారం చూస్తాం పెద్దమ్మా. పడలేదనుకో, తడకు పోయి రైలెక్కేదే. మద్రాసులో పడవలకు ఇంజన్లు పెట్టినారంట. తెడ్డెయ్యబళ్ళేదు, ఊరికే కూచుంటే అదే పోతాదంట." "కూచోబెట్టి కూడెయ్యడానికి ఆడ నీకు మేనత్త ఉందంట్రా?" అంది తను. వాడు నవ్వాడు. కూచుంటే అన్న మాట దగ్గర గంగాధరం తలెత్తి, మళ్ళీ వంచుకుని తాడు ముడి చూసుకున్నాడు. మాలకొండయ్య పెళ్ళాం మాత్రం నవ్వలేదు, అది అప్పటికే చట్టీ కుండా గోనెసంచిలో కట్టి పెట్టుకుంది. పాళెమంటే ఇప్పుడు పట్టుమని పది గుడిసెలు, తక్కినవాళ్ళంతా ఎప్పుడో రైలెక్కేశారు. ఈ ఒక్క మంద వలలో పడితే, ఈ ఇసుక మీద వెండి పరిచినట్టు కవళ్ళు ఎండితే, ఆ గోనెసంచి ముడి విప్పుతుంది పిల్ల. పడకపోతే పాళెమే ఉండదు. పాళెం లేకపోతే అత్తకూ బిడ్డకూ ఏటా అన్నం ముద్ద పెట్టేందుకు ఇక్కడికి ఎవరొస్తారు, ఇసుక కింద వాళ్ళున్న చోటు తనకూ గంగాధరానికీ తప్ప ఎవరికి గుర్తు?

అత్త ముసలమ్మ. పుట్టినప్పుడే పెట్టిన పేరు అది, పడుచుగా ఉన్నప్పుడూ ముసలమ్మే. ఆమె తన చెయ్యి పట్టుకుని ఈ దిబ్బ ఎక్కించిన రోజున తనకు పమిట వెయ్యడం కూడా సరిగా రాదు. మా ఇంటి ఆడోళ్ళ కన్ను మే ఇది, కోడలికి రావాల్సిందే, అంది. దిబ్బ కావలి ఆడదాని పని. తెప్ప మీద ఉన్నవాడికి పక్కనున్న మంద కూడా కనిపించదు, నీళ్ళ మీద ఉన్నవాడికి నీళ్ళ రంగు ఏం తెలుస్తుంది, ఎత్తు మీదినుంచి చూడాలి. చూడగానే పచ్చి సరుగుడు రెమ్మలు నిప్పు మీద వేసి పొగ లేపాలి. తెల్లటి పొగ నిట్టనిలువుగా లేస్తే ఎంత దూరాన ఉన్న తెప్పలైనా వలలు ఎత్తుకుని ఇటు తిరుగుతాయి. దగ్గరకొచ్చాక ఇంక మాట లేదు, అలల హోరులో ఎవడికి వినిపిస్తుంది, అంతా కొంగుతోనే. కొంగు కుడి పక్కకి విసిరితే దక్షిణానికి తిప్పండి. ఎడమకి విసిరితే ఉత్తరానికి. రెండు చేతులూ ఎత్తి ఆడిస్తే మంద లోతుకు పోతోంది, బయటికి పొండి, చుట్టుకు రండి. అన్నీ కుదిరాక, మంద వల నోటికి వచ్చిందని తేలాక, దిబ్బ మీది మనిషి కూచోవాలి. కూచుంటే వల వెయ్యండి అని. అంతవరకు కాళ్ళు పీకినా, వాన కొట్టినా, తేలు కుట్టినా కూచోకూడదు. "పది తెప్పల మొగోళ్ళు నీ కొంగుకు కట్టిన ఎద్దులు మే," అనేది అత్త. "కళ్ళు చేపల మీద పెట్టు, తెప్ప మీదుండే నీ మొగుడి మీద గాదు. వాడు యాడికీ పోడు, చేపలు పోతాయి." గంగాధరం తెప్ప మీద నిలబడి తొడ చరిచేవాడు, కొత్త పెళ్ళాం దిబ్బ మీద కూచుందంటే వల నిండిందన్నమాటే అని ఊరంతా చెప్పుకునేవాడు. అప్పట్లో తను కూచుంటే అది ఒక పండగ.

మంద కొంచెం దక్షిణానికి జరిగింది. ఇంకా చిక్కగానే ఉంది. కంపమోపు ఎప్పుడు కింద పడేసిందో తెలియదు. ఇక్కడ, సరిగ్గా ఇక్కడ, ఆ రోజూ నిలబడింది. నయాపైసలు కొత్తగా వచ్చి సంతలో అందరూ లెక్క తప్పుతున్న ఏడు, ఇట్లాంటి వైశాఖమే, వాయవ్యపు గాలి పెనం మీదినుంచి వచ్చినట్టు వస్తోంది. అప్పుడు దిబ్బకు వెనక ఈ ఇసుక లేదు, పద్మనాభయ్యగారి సరుగుడు తోపు ఉంది, కాలవ పడవల్లో మద్రాసు పొయ్యిలకు పోయే కట్టె అంతా అక్కడిదే, లోపలికి పోతే పట్టపగలు కూడా దీపం పెట్టుకోవాలనిపించేది, కింద ఎండిన సరుగుడాకు మోకాటి లోతు, పిల్లలు దాని మీద జారి ఆడుకునేవాళ్ళు. తోపుకు అవతల ఏటిగట్టున పాళెం. సముద్రం మీదినుంచి చూస్తే దిబ్బా తోపూ తప్ప గుడిసెలు కనిపించవు. సంతరోజు, కాళ్ళున్న ఆడవాళ్ళంతా ఎండుచేపల గంపలు ఎత్తుకుని పోయారు, మగవాళ్ళంతా సముద్రం మీద, తను దిబ్బ కావలి. గుడిసెల్లో మిగిలింది ముసలివాళ్ళూ చంటివాళ్ళూ. అత్తకు ఆ ఏడు కాళ్ళు పడిపోయాయి. బిడ్డ మాలకొండమ్మకు మూడేళ్ళు, పొద్దున వస్తానని కొంగు పట్టుకుంది, నాయనమ్మ దగ్గరుండు, సాయంత్రం గవ్వలు తెస్తానంది తను. గవ్వలు రొంటిన దోపుకుని కూడా ఉంది అప్పటికే. వెనకనుంచి చప్పుడు వినబడింది, ఎవరో గోనెల్లో ఎండుమిరపకాయలు తొక్కుతున్నట్టు. తిరిగి చూసేసరికి ఉత్తరాన అడివివైపు నుంచి తోపులోకి వచ్చేసింది నిప్పు. నడిచి రాలేదు, చెట్ల తలల మీద దూకుతూ వచ్చింది. దిగి పరిగెత్తింది. తోపులో పది అడుగులు పోయేసరికి గాలే నిప్పయి ముక్కులో దూరింది, జుట్టు కమిలిన వాసన, అది తన జుట్టేనని తెలియడానికి కొంచెం సేపు పట్టింది, ఎట్లా వెనక్కి పడిందో, మళ్ళీ దిబ్బ మీద ఉంది.

పొగ తెల్లగా లేచింది. పచ్చి తోపు కాలుతుంటే తెల్లగా కాక ఎట్లా ఉంటుంది? ఏ పదిమంది కావలివాళ్ళూ లేపలేనంత తెల్లటి పొగ. సముద్రం మీద మగవాళ్ళు చూశారు. ఎంత పెద్ద మందో అనుకున్నారు. ఇంత పొగంటే ఎంత మంద రావాలి, ముసలమ్మ కోడలికి పిచ్చెక్కి తోపంతా పొయ్యిలో పెట్టేసిందిరా అని ఎవరో అన్నారట, అందరూ నవ్వారట, తెడ్లు విరిగేట్టు వేసుకుంటూ వచ్చారు. వస్తున్నారు, తనకు ప్రాణం లేచొచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ తిరిగి లోపలికి వస్తే గుడిసెల వెనకకు చేరొచ్చు, ఇంకా తోపు సగమే అంటుకుంది, ఇంకా పొద్దుంది, చాలినంత పొద్దుంది. రండి రండి అని రెండు చేతులూ ఎత్తి ఆడించింది. తెప్పలు ఆగాయి. ముక్కులు తిప్పి బయటికి, లోతుకు పోయాయి. అప్పుడు కూడా తనకు తెలియలేదు. అటు గాదురా, మొగ అటుంది, అటు తిరగండి అని కొంగు దక్షిణానికి విసిరింది, విసిరింది, చిరిగేదాకా విసిరింది, తెప్పలు రెండు వరసలుగా విడివడి వల నోరు తెరుచుకుని ఎంతో ముచ్చటగా దక్షిణానికి తిరిగాయి, తను ఎన్నడూ అంత చక్కగా మంద తోలలేదు. గంగాధరం లేచి నిలబడి తొడ చరవడం కనిపించింది. అప్పుడు తెలిసింది. ఈ చేతులకు ఉన్న మాటలన్నీ చేపల మాటలే, నిప్పు అనే మాట అత్త తనకు నేర్పలేదు, ఆమెకు ఎవరూ నేర్పలేదు. బిడ్డా అని అరిచింది, అలలు నమిలేశాయి. మోకాళ్ళు వాటంతట అవే మడతపడ్డాయి. ఇసుకలో కూలబడింది.

వాళ్ళు వల వేశారు.

వేసి, లాగి, ఖాళీ వల చూసి తిట్టుకుని, మళ్ళీ దిబ్బ వంక చూసి, అప్పటికి నల్లబడిన పొగను చూసి, అప్పుడు. మొగ తిరిగి ఏట్లోకి వచ్చేసరికి గట్టు మీద వాసాలు కూడా లేవు. నడవగలిగిన వాళ్ళు పీకలోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. తోపులో చెట్లు నరికే కూలి అబ్రహాము, తెప్ప మీదికి పోయిన వెంకయ్య తల్లిని వీపున వేసుకుని నీళ్ళలో ఉన్నాడు, ఆమె దగ్గుతోంది. అత్త గుడిసె ముందర, వలలకు బెరడు రసం కాచే పెద్ద కాగు మీద బోర్లా పడి ఉంది, మూత వేసినట్టు. కాళ్ళు పడిపోయిన మనిషి గుడిసెలోంచి అక్కడికి ఎట్లా ఈడ్చుకొచ్చిందో. బిడ్డను దాచిన ఆ కాగులో నీళ్ళు పొద్దుగూకేదాకా చల్లారలేదు. గవ్వలు అప్పటికి రొంటిన అట్లాగే ఉన్నాయి, తరవాత ఎప్పుడు ఎక్కడ పడిపోయాయో. గంగాధరం ఏడవలేదు. మూడోనాడు, ఇసుకలో పూడ్చి వచ్చాక, చేతులు కడుక్కుంటూ, అరవకుండా, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. "ఎందుకు కూచున్నావు?" మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. కొట్టి ఉంటే బాగుండేది. ఏడేళ్ళు ఒక కంచంలో తిన్నారు, ఒక చాప మీద పడుకున్నారు, ఆ మాట ఇద్దరి మధ్యా మూడో మనిషిలా పడుకుంటుంది. కాళ్ళు మడతపడ్డాయయ్యా, నేను కూచోలేదు అని చెప్పొచ్చు. చెప్తే ఏమవుతుంది? వల పడింది.

నిప్పుకు తల్లీ తండ్రీ ఎవరో తేలలేదు. బొగ్గులు కాల్చేవాళ్ళన్నారు, తేనె కొట్టేవాళ్ళన్నారు, చివరికి అబ్రహాము బీడీ అన్నారు, తోపు మనుషులు అతన్ని తాటిమొద్దుకు కట్టి కొట్టారు. అతను బీడీ తాగడు. వెంకయ్య తల్లి అడ్డం పోయి, వీడు నన్ను మోసినాడయ్యా అని ఎంత మొత్తుకున్నా వినలేదు. అతని పెళ్ళాం పుష్పకుమారి వచ్చి, కట్లు విప్పి, నాయుడుపేట దారిన నడిపించుకుపోయింది. పద్మనాభయ్యగారు వచ్చి బూడిదలో నిలబడి, మంచినీళ్ళడిగి తాగి, చెంబు ఇచ్చేసి పోయాడు. నిప్పు ఒక్క పూటలో పోయింది, ఇసుక ఇంకా పోలేదు. తోపు వేళ్ళు పట్టుకుని ఉన్నంతకాలం ఇసుక కట్టేసిన గొడ్డులా పడి ఉండేదని ఎవరికి తెలుసు? వేళ్ళు చచ్చాక లేచి నడిచింది. పాత పాళెం చోటును కప్పేసింది, బావుల్లో దిగింది, ఏటి మొగ పూడ్చింది, ఏరు దాటి పై ఊళ్ళ వరిమళ్ళ మీదికి పోయింది. ఎండుచేపల గంపకు బియ్యం కొలిచి, పైన ఒక గుప్పెడు చిక్కుడుకాయలు కూడా వేసే వెంకటశేషమ్మ పోయినేడు కనబడితే, ఏం కొలిచేదే కామమ్మా, మా పొలంలో ఇప్పుడు మీ సముద్రమే పండతా ఉంది, అంది. తనూ నవ్వింది, ఏం చెయ్యాలో తెలియక. మిగిలినవాళ్ళు దక్షిణాన కొత్త పాళెం వేసుకున్నారు. కట్టుబాటు ఒకటి పెట్టుకున్నారు, గాలి లేవకముందే వంట ముగించాలి, ఆ తరవాత పాళెంలో పొయ్యి వెలగకూడదు, దిబ్బ మీద పొగ అసలు లేవకూడదు. ఆ తరవాత పుట్టిన పిల్లలు పొగ కనబడితే ఏడుస్తారు, ఎవరు నేర్పారో.

మంద ఇంకా ఉంది. ఉంటుంది, ఒక చుట్ట కాల్చినంతసేపు ఉంటుంది, తరవాత పోతుంది. రొంటిన అగ్గిపెట్టె ఉంది, చుట్ట కోసం, నీళ్ళ అంచున కూచుని దొంగతనంగా కాల్చుకునే చుట్ట. కట్టు పెట్టినవాళ్ళలో తనూ ఒకతె. గంగాధరానికి తెలుస్తుంది గదా, తెల్లపొగ ఏదో నల్లపొగ ఏదో చిన్నప్పటినుంచి చూసినవాడు. మాలకొండయ్యకు తెలియకపోతే ఆయన చెప్తాడు. వెంకయ్య ఉన్నాడు. ముగ్గురు నలుగురైనా ఉన్నారు కొంగు మాట తెలిసినవాళ్ళు. తెలుసు, మరిచిపోరు, తన కన్ను మరిచిపోయిందా? పోతే పోనీ అనుకో. పోతే రైలు. తడ స్టేషన్లో గోనెసంచుల మీద కూచుని, అత్తకూ బిడ్డకూ ఏం చెప్పి ఎక్కాలి. కంపపుల్లలు పేర్చింది. అగ్గిపుల్ల మొదటిది గాలికి పోయింది, రెండోది ఒడిలో దాచి అంటించింది. పచ్చి సరుగుడు ఎక్కడుంది ఇప్పుడు, దిబ్బ మీద పాకే ఇసుక తీగ పీకి వేసింది, చాలక పక్కనే అల ఎత్తి పడేసిన తారు పూసిన కీలుతాడు ముక్క ఉంటే అదీ వేసింది. పొగ లేచింది. మొదట గాలికి నేలన పడి, తరవాత నిలబడింది. కొంచెం నల్లగా ఉంది. నల్లగానే ఉంది, కీలు వల్ల. ఇంకొంత తీగ పీకింది, వేళ్ళు చీరుకున్నాయి, లేత తీగ, పచ్చిది, తెల్లగా లే, తెల్లగా లే తల్లీ.

తెప్పలు తిరిగాయి. గింజలు పుల్లలయ్యాయి, పుల్లలు తెప్పలయ్యాయి, ఎంత తొందరగా, తెడ్లు ఎత్తడం దించడం ఒక్కటిగా మెరుస్తున్నాయి. కామమ్మకు నవ్వు వచ్చింది, ముసలిదానికి నవ్వేంది. లేచి నిలబడి కొంగు విప్పింది. మంద ఇంకా దక్షిణంగా ఉంది, కుడికి విసిరింది. తెప్పలు నేరుగా వస్తున్నాయి. కుడికిరా. నేరుగానే. రెండు చేతులూ ఎత్తి ఆడించింది, బయటికి పొండి, చుట్టుకు రండి, మంద మీదే ఉండారు, చూసుకోండి. ముందు తెప్ప నేరేడు రంగు నీళ్ళ నడిమధ్యకు దూసుకొచ్చింది, తెడ్డు పడింది, రంగు రెండుగా చీలింది, రెండో తెప్ప దాన్ని నాలుగు చేసింది. అప్పుడు చూసింది, తెప్పల వెనక వల లేదు. ఎవరూ దిబ్బ వంక చూడటం లేదు. తెప్ప ఇంకా నేల తాకకముందే మాలకొండయ్య నీళ్ళలోకి దూకాడు, పడ్డాడు, లేచాడు, ఇసుకలో పరిగెత్తుతూ ఇటువైపే వచ్చాడు, మొహం మొహంలా లేదు.

"పిల్లోళ్ళు యాడ పెద్దమ్మా? పిల్లోళ్ళు యాడ?"

"చేపల్రా. చేపలు, అబ్బయ్యా."

వాడికి వినపడలేదు. పాళెం వైపు పోతూనే ఉన్నాడు, వాడి వెనక తక్కినవాళ్ళు, ఒకడి చేతిలో నీళ్ళు తోడే డబ్బా. అందరికన్నా వెనక వెంకయ్య, రొప్పుతూ, దిబ్బ కింద ఆగాడు. ఆ చిన్న నిప్పు వంకా ఆమె చేతిలో కొంగు వంకా చూశాడు.

"ఇదా?"

"వల యాడ వెంకయ్యా?"

"కోసి పారేసినాం మే. పాళెం తగలబడతా ఉంటే వల ఎవురిక్కావాల." కాసేపు ఊపిరి పీల్చుకుని, "మీ ఆయనే ముందు కోసినాడు," అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, పిల్లలంతా బాగానే ఉన్నారని వెనక్కి వచ్చి చెప్పబోయేవాళ్ళకు ఎదురుపోయాడు.

గంగాధరం పాళెం వైపు పోలేదు. తెప్ప దిగినవాడు దిగినట్టే దిబ్బకు ఉత్తరపు పక్కగా, తోపు ఉన్న వైపుకు, ఇప్పుడు ఏ తోపూ లేని ఇసుక మీద అడ్డంగా పరిగెత్తాడు, మోకాళ్ళదాకా దిగబడుతూ. సరిగ్గా ఆ చోటికి, ఇసుక కింద అత్తా బిడ్డా ఉన్న చోటికి. గుర్తు ఏదీ లేదు అక్కడ, కంప కూడా మొలవదు, అయినా సరిగ్గా అక్కడికే పోయి ఆగాడు. చేతులు ముందుకు చాచి, దేన్నో ఎత్తుకోబోతున్నట్టు, ఇసుక వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తరవాత చేతులు దించాడు. తరవాత తిరిగి దిబ్బ మీద తన వంక చూశాడు. కామమ్మ పాదాలు ఇసుకలోకి దింపుకుని నిలబడింది. కూచోకూడదు. కూచోకూడదు, ఆయన చూస్తా ఉండాడు. నిప్పు ఆరిపోయింది, పొగ ఇప్పుడు సన్నగా, తెల్లగా, అత్త లేపినంత నిటారుగా లేస్తోంది. చీలిన మంద తునకలు తునకలుగా ఉత్తరానికి పోతోంది. పిట్టలు ఇప్పుడొచ్చి వాటి వెనక పడ్డాయి. ఎక్కడో చాలా దూరాన, నీళ్ళ గీత దగ్గర, వల బెండ్లు కాబోలు, అట్లా మెరిసి మునిగాయి.

ఆయన మెల్లగా దిబ్బ ఎక్కి వచ్చాడు. పక్కన నిలబడి ఆమె చూస్తున్న వైపే చూశాడు. ఎత్తు మీదినుంచి నీళ్ళ రంగు ఆయన ఎన్నడూ చూసినవాడు కాదు. పోతున్న ఆఖరి ముక్క, నేరేడు మరక, అది కనిపించింది ఆయనకు, ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆయన నోరు కొంచెం తెరుచుకుంది.

"కవళ్ళా?"

"ఊఁ."

"ఎంత మంద?"

"శానా."

పాళెం వైపునుంచి పిల్లలు ఏడుస్తున్నారు, పొగ చూసి. వాళ్ళను కోప్పడుతున్న తల్లుల గొంతులు. గంగాధరం తలపాగా విప్పి దులిపి ఇసుక మీద పరిచాడు. దాని ఒక అంచున ఆయన కూచున్నాడు, మోకాళ్ళు చేతులతో చుట్టుకుని. ఆమె నిలబడే ఉంది, కొంగు చేతిలో పట్టుకుని.

"కూచో," అన్నాడు.

ఆమె సముద్రం వంక ఒకసారి ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూసింది. ఒక్క తెప్ప లేదు. కూచుంది.